సగం మడిచిన తీగచాప

1. ముల్లు: నిలువునా కిందికి

ఈ చిట్టాను నా ప్రయాణికులను తిట్టడంతో మొదలుపెట్టాలని ఉంది. కానీ రేవు ఆఫీసువాళ్లు చదువుతారు కాబట్టి మర్యాదగా మొదలుపెడతాను. పడవ పేరు మంగతాయారు. సరంగు నూకరత్నం, అంటే నేనే. సరుకు గంధకం. ఉన్న చోటు గురుగ్రహం తోక. వెళ్లాల్సింది కాలిస్టో రేవుకు. ప్రయాణికులు ఇద్దరు: రాజు వేషం కట్టే గవర్రాజు గారు, ఆయన పద్యానికి హార్మోనియం వాయించే దాలమ్మ పిన్ని. ఇక్కడితో మర్యాద అయిపోయింది.

తోకరేవులో వీళ్ల నాటకం ముగియగానే టగ్గు బయల్దేరాలి. పడవలన్నిటినీ తాళ్లతో కట్టి వరసగా ఇంటికి లాక్కుపోయే టగ్గు అది. ఒకసారి పోయిందంటే నెలల తరబడి మళ్లీ రాదు. నాటక సమాజంలో మిగతావాళ్లంతా బుద్ధిగా వెళ్లి టగ్గెక్కారు. మన రాజుగారు మాత్రం ఆఖరి రంగంలో చనిపోతూ పద్యం పాడారు. గంధకం తోడే జనం మైమరచిపోయి "వన్స్ మోర్" అన్నారు. పద్యనాటకంలో ఆ మాట వినబడితే చచ్చినవాడైనా లేచి మళ్లీ పాడాలి, అది ధర్మం. ఆయన లేచారు, పాడారు, చచ్చారు. జనం మళ్లీ అడిగారు. ఆయన మళ్లీ లేచారు. ఎన్నిసార్లు చచ్చారో నేను లెక్కపెట్టలేదు గానీ, నిజంగా కన్నుమూసేసరికి టగ్గు చుక్కంత కనబడుతోంది. ఎక్కించుకుంటానని మాటిచ్చిన పాపానికి నేనూ తాడు విప్పుకుని ఉండిపోయాను.

"జనం అడిగితే ఏం చెయ్యమంటారండీ సరంగు గారూ?" అన్నారాయన కిరీటం చంకలో పెట్టుకుని.

"చచ్చిపోవాల్సింది," అన్నాను. "ఒక్కసారి."

ఇంజనుకున్న ఇంధనం రేవులో ఆగడానికే సరిపోతుంది. కాబట్టి మా అమ్మ కాలంనాటి పద్ధతే గతి. తీగచాప విప్పుకుని, తోక తెగేదాకా కూర్చుని, తెగినప్పుడు వీచే గాలికి ఇంటికి పోవాలి. పాత సరంగులందరూ అలాగే తిరిగారు. నాకిదే మొదటిసారి. ఆ సంగతి ప్రయాణికులకు చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

2. ముల్లు: కిందికే, కొంచెం వాలింది

చాప విప్పాం. తీగచాప అంటే గుడ్డ కాదు, పడవ చుట్టూ మైళ్లకొద్దీ విచ్చుకునే సన్నటి తీగ. అందులో కరెంటు తిరుగుతున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంతబలం ఉంటుంది. తోకలో కొట్టుకొచ్చే అణువులు ఆ బలాన్ని దాటలేక పడవను నెడతాయి, ఆ ప్రవాహాన్నే మేం గాలి అంటాం. కరెంటున్న తీగ తనంతట తనే గుండ్రంగా విచ్చుకుంటుంది కనుక విప్పడానికి బ్రేకు వదిలితే చాలు. మడవడమే చాకిరీ. వెనక గదిలో చక్రం పట్టుకుని చేతులతో చుట్టాలి. పూర్తిగా చుట్టేస్తే కరెంటు ఆరిపోతుంది, మళ్లీ నింపాలంటే రేవుకే పోవాలి.

ఆ తీగ పనిచెయ్యాలంటే విపరీతమైన చలిలో ఉండాలి. బ్యాటరీ అంతా దాన్ని చల్లబరచడానికే పోతోంది. అందుకని గదుల్లో హీటర్లు ఆపేశాను. గంటలోపే ముగ్గురికీ పళ్లు టకటకలాడాయి. గవర్రాజు గారు వేషాల పెట్టె తెరిచి ఉదారంగా పంచారు. దాలమ్మ పిన్నికి మంత్రి అంగరఖా, నాకు పట్టపురాణి మఖమల్ కోటు. ఆయన మాత్రం రాజు దుస్తులు మీద మీద రెండు జతలు తొడుక్కుని, చెవులకు చలి తగలకుండా కిరీటం కూడా పెట్టుకున్నారు.

"అమ్మా రత్నం, బయట ఎంత వేడంటావే?" అంది పిన్ని, జరీ పట్టీలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి.

"కోట్ల డిగ్రీలు పిన్నీ."

"మరి నా కాళ్లెందుకిలా కొంకర్లు పోతన్నాయి?"

ప్రతి కొత్త ప్రయాణికుడూ అడిగే ప్రశ్నే ఇది. బయట చెంబెడు చోటుకు పదో ఇరవయ్యో అణువులుంటాయి, అంతే. ఒక్కొక్కటీ ఒంటికి కారం రాసుకున్నట్టు పరిగెడుతుంది, దాన్నే మేం కోట్ల డిగ్రీలంటాం. కానీ పదిమంది పరిగెత్తినంత మాత్రాన ఊరు దద్దరిల్లదు కదా. అంత వేడిలో చెంబు నీళ్లు పెడితే అవి గడ్డకడతాయి.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ," అంది పిన్ని, కాళ్లు మఠం వేసుకుంటూ.

గవర్రాజు గారు వేడి పుట్టించడానికి గొంతెత్తారు. రెండో పాదానికి పిన్ని హార్మోనియం పెట్టె ఠపీమని మూసేసింది. శ్రుతి ఆవగింజంత తప్పినా ఆవిడ ఒప్పుకోదు. పాతికేళ్లుగా ఈయనను ఒక్కసారైనా మెచ్చుకోలేదట. మెచ్చుకుంటే పాడైపోతాడని ఆవిడ నమ్మకం.

3. ముల్లు: ఇంకా వాలింది

దిక్సూచి ముల్లు గురించి రాయాలి. ఇవాళ నా ప్రాణమంతా దానిమీదే ఉంది.

గురుగ్రహాన్ని మేం పెద్దాయన అంటాం. పెద్దాయన పక్కనే తిరిగే అయో చంద్రుడి కొండలు ఎప్పుడూ గంధకం కక్కుతుంటాయి. పెద్దాయన గిర్రున తిరుగుతూ ఆ గంధకాన్ని బయటికి విసురుతుంటాడు. ఆ బరువుకు ఆయన అయస్కాంత రేఖలు జీళ్లపాకం సాగదీసినట్టు వెనక్కి సాగుతాయి, అదే తోక. తోకలో పైనున్న రేఖలు బయటికి చూస్తాయి, కిందివి ఇంటివైపు చూస్తాయి. మధ్యలో గంధకపు పొర ఉన్నంతకాలం అవి రెండూ ఎడమొహం పెడమొహంగా కాపురం చేస్తాయి. పొర సాగి సాగి పలచబడినచోట ఎదురెదురు రేఖలు తగులుకుని, తెగి, పైదాని ముక్క కిందిదాని ముక్కతో అతుక్కుంటుంది. అలా అతికిన రేఖ ఉండేలు రబ్బరులా వంగి ఉంటుంది. అది ఊరుకుంటుందా? ఠక్కున నిటారవుతూ అక్కడున్న గంధకాన్నంతా వేడెక్కించి విసిరికొడుతుంది.

తెగే చోటుకు ఇటువైపు ఉన్నవాళ్లను ఇంటికి విసురుతుంది. అటువైపు ఉన్నవాళ్లను లోకం అవతలికి విసురుతుంది. మనం ఎటున్నామో ముల్లు చెబుతుంది. కిందికి చూస్తే ఇంటివైపు. పైకి చూస్తే అటువైపు. అడ్డంగా పడుకుంటే సరిగ్గా తెగే చోటే.

మొన్న ముల్లు నిలువునా కిందికి చూసేది. ఇప్పుడు వాలిపోతోంది. ఎందుకంటే తెగకముందు తోకలో గాలి మెల్లగా బయటికే వీస్తుంది, మా చాప ఆ గాలికీ నిండుతోంది. పోనీ చాప మడుద్దామంటే, మడిచిన మరుక్షణం తోక తెగితే మమ్మల్ని ఇంటికి తోసేదేమీ ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే అనుకున్నాను. అయినా అబద్ధమెందుకు, సరదాగానే ఉంది. చాప మీద వచ్చే ప్రతి చిన్న ఊపూ పడవ గోడల్లోంచి అరికాళ్లకు తెలుస్తోంది. టగ్గు వెనక తాడుకట్టుకుని పోయినన్నాళ్లు మంగతాయారు ఇలా ఊగిందే లేదు.

"తెగితే వేడెందుకొస్తుందండీ?" అని గవర్రాజు గారు అడిగారు. ఆయనకు అర్థంకాని మాట ఉంటే నిద్రపట్టదు.

"మీ నాటకం వదిలాక జనం ఒకే గుమ్మంలోంచి ఒకే వైపు నడిస్తే ఎలా ఉంటుంది?"

"ఊరేగింపులా ఉంటదండి."

"రెండు గుమ్మాల్లోంచి ఎదురెదురుగా పరిగెత్తుకొస్తే?"

"తొక్కిసలాటండి."

"వేడంటే తొక్కిసలాటే. పైనుంచి ఒక గుంపు, కిందనుంచి ఒక గుంపు విసురుగా వచ్చి ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతాయి. రేఖల్లో దాచుకున్న బలంలో కొంత ఊరేగింపవుతుంది, కొంత తొక్కిసలాటవుతుంది. బరువైన గంధకం ఎక్కువ వేడెక్కుతుంది, ఎలక్ట్రాన్లకు తక్కువ దక్కుతుంది."

"ఎక్కడైనా లావుపాటోళ్లకే విస్తట్లో లడ్లు ఎక్కువ పడతాయిలెండి," అన్నారాయన తృప్తిగా, పొట్ట నిమురుకుంటూ.

4. ముల్లు: దాదాపు అడ్డంగా

కాలిస్టో రేవు నుంచి జోగినాయుడు రేడియోలో పిలిచాడు. రేవు అధికారి, మంచివాడే, కానీ మంచిమాటను కూడా జప్తు నోటీసులా చదువుతాడు.

"నూకరత్నం గారూ, మీ ముల్లు మాక్కూడా కనపడతందండి. ఇక ఆగకూడదు. ఆపద నౌకను పంపించాం, ఇంజనున్న నౌక. రేపటికల్లా మీ దగ్గరుంటది. అయితే చాప పూర్తిగా మడిచుండాలండి. తీగలో కరెంటుంటే వాళ్లు దగ్గరికి రాలేరు."

"మడుస్తాను. మడిస్తే నన్ను తాడుకట్టి లాగుతారా?"

"మనుషుల్ని ఎక్కించుకుంటారండి. పడవను లాగే శక్తి ఆ నౌకకు లేదు."

"మరి పడవ?"

"రూలండి," అన్నాడు. "మీరు ముల్లు పైకి తిరిగాక నిండుచాపతో దొరికిపోతే, ఆపద నౌక కూడా అందుకోలేదండి. ప్రయాణికులున్నారు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది. మంగతాయారు మా అమ్మ పేరు. ఈ పడవ ముందుగదిలోనే నేను పుట్టాను. చాలామందికి ఇల్లుంటుంది, ఊరుంటుంది, వీధి చివర అరుగుంటుంది. నాకు ఇదొక్కటే ఉంది. దీని ప్రతి రేకునూ ఒకసారైనా విప్పి బిగించాను. ఏ గోడ ఎప్పుడు మూలుగుతుందో నాకు తెలుసు. దీన్ని ఇక్కడ వదిలేస్తే దీపం కూడా లేకుండా అలా పోతూనే ఉంటుంది. పట్టపురాణి కోటు చేతికి ముక్కు తుడుచుకున్నాను. ఈ సంగతి గవర్రాజు గారికి చెప్పలేదు.

ఇద్దరినీ పిలిచి విషయం చెప్పాను. నిండుచాపతో ఆగితే ఇంటికైనా పోవచ్చు, ఎటూ కాకుండా పోవచ్చు. మడిస్తే మనుషులు క్షేమం, పడవ పోతుంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీ మాటేటి?" అంది పిన్ని.

"సరంగునన్నాక ప్రయాణికులే ముందు. మడిచేద్దాం."

5. ముల్లు: అడ్డంగా, వణుకుతూ

మడత మొదలైంది. నేను ముందుగదిలో ముల్లు దగ్గర, వాళ్లిద్దరూ వెనకగదిలో చక్రం దగ్గర. మధ్యలో మాట్లాడుకోవడానికి గొట్టం ఉంది. చక్రం తిరిగే టకటక గొట్టంలోంచి వినబడుతుంటే ఒక్కొక్క టక్కుకూ నా ఒంట్లోంచి ఒక మేకు ఊడుతున్నట్టుంది. చెయ్యి గోడమీద పెట్టుకుని నిలబడ్డాను. గోడ చల్లగా ఉంది.

చలికి చేతులు సాగాలని గవర్రాజు గారు పద్యం అందుకున్నారు. చచ్చిపోయే పద్యమే.

"తోక తెగిన వేళ తొణకని రాజును
కత్తి లేక గెలుతు కరుణ తోడ..."

'తోడ' దగ్గర రాగం తీయబోయి గొంతు చీలిపోయింది. పైస్థాయికి పోవలసింది పక్కకు పోయింది. చలిలో అరిచిన కోడిపుంజు గొంతు అది. నాకే చెవులు మూసుకోవాలనిపించింది.

అప్పుడు వినబడింది దాలమ్మ పిన్ని గొంతు. "వన్స్ మోర్."

చక్రం ఆగింది. వన్స్ మోర్ పడితే ఆయన చేస్తున్న పని వదిలేసి, నాలుగడుగులు ముందుకొచ్చి, దండం పెట్టి పాడాలి. అలాగే పెట్టి ఉంటారు. అలాగే పాడారు, ఈసారి ఇంకా అధ్వానంగా.

"చక్రం తిప్పండి," అని గొట్టంలో అరిచాను.

"అడిగాకా పాడకపోతే ఎలాగండీ," అని జవాబొచ్చింది. మళ్లీ టకటక. మళ్లీ పద్యం. మళ్లీ పిన్ని "వన్స్ మోర్". మళ్లీ నిశ్శబ్దం, దండం, పాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన మధ్యలో చలిని తిట్టారు. ఆపద నౌక అంతకంతకూ దగ్గరికొస్తోంది. ఇలా అయితే చాప మడిచేసరికి మేం ముసలివాళ్లమైపోతామని అరిచాను. నిజం చెప్పాలంటే అరవాల్సినంత గట్టిగా అరవలేదు.

చాప సరిగ్గా సగానికి మడతపడింది. పద్యం మూడోసారో నాలుగోసారో 'తోడ' దాకా వచ్చింది. తోక తెగింది.

6. ముల్లు: పైకి

చప్పుడేమీ రాలేదు. తీగ మాత్రం తంబురాలాగా మోగింది. ఆ మోత గోడల్లోంచి, నేలలోంచి, నా దంతాల్లోంచి వచ్చింది. ముల్లు ఒక్క గెంతు గెంతి పైకి తిరిగింది.

పైకి. అంటే తెగిన చోటు మాకూ ఇంటికీ మధ్యలో ఉంది. గాలి బయటికి వీస్తోంది. బయట గంధకం వేడి ఉన్నట్టుండి పదింతలైందని కొలత చూపిస్తోంది, లోపల నా వేళ్లు చలికి వంగట్లేదు.

"ఏటయ్యిందమ్మా?" అని గొట్టంలో పిన్ని.

"అటువైపు ఉండిపోయాం పిన్నీ. గట్టిగా పట్టుకోండి."

చావు భయం వేయవలసిన సమయమే. కానీ చేతిలో పని ఉంటే భయానికి చోటుండదు. చాప మీది తోపు చూశాను. నేను అనుకున్నంత లేదు. నిండుచాప అయితే మమ్మల్ని ఊడ్చి పారేసేది. సగం చాప కాబట్టి గాలిలో సగానికి పైగా మమ్మల్ని పట్టించుకోకుండా దాటిపోతోంది. మేం పోతున్నాం, కానీ తాపీగా, ఎడ్లబండిలో పెళ్లికి వెళ్తున్నట్టు.

అప్పుడు మా అమ్మ అనే మాట గుర్తొచ్చింది. తెగిన చోటు ఒకచోట ఉండదే, తెగుతూ తెగుతూ వెనక్కి నడుస్తుంది, అనేది. పెద్దాయనవైపు రేఖలు గుట్టగా పోగుపడేకొద్దీ తెగే చోటు బయటికి జరుగుతుంది. బయటికి అంటే మా వైపు. మాకంటే అది వేగంగా నడిస్తే మమ్మల్ని దాటిపోతుంది. దాటిపోయిందంటే మేం మళ్లీ ఇంటివైపు గాలిలో ఉన్నట్టే.

"చక్రం బ్రేకు మీద చెయ్యెయ్యండి," అన్నాను. "నేను చెప్పేదాకా వదలొద్దు. పాడొద్దు."

"ఎవరైనా అడిగితేనో?" అన్నారు గవర్రాజు గారు.

"పిన్నీ, నువ్వు నోరు ముయ్యి."

ముల్లు వైపే చూశాను. పైకి ఉన్నది మెల్లగా వాలింది. అడ్డంగా పడుకుంది. అక్కడే ఆగింది. తీగ మోత సన్నబడి సన్నబడి పూర్తిగా పోయింది. సరిగ్గా తెగే చోటు నడిమధ్యలో ఉన్నాం, కోట్ల డిగ్రీల తొక్కిసలాట పుట్టే చోట, ముగ్గురు మనుషులం, రెండు జతల రాజవస్త్రాలూ ఒక కిరీటమూ. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. గొట్టంలోంచి నా నవ్వు విని వెనక వాళ్లూ నవ్వడం మొదలుపెట్టారు, ఎందుకో తెలియకుండానే.

ముల్లు కిందికి తిరిగింది.

"వదలండి," అన్నాను.

7. ముల్లు: నిలువునా కిందికి, చూసే తీరిక లేదు

ఏం చెప్పను. బ్రేకు వదలగానే చక్రం దానంతటదే గిర్రున తిరిగిందట. సగం మడతలో కరెంటు బతికే ఉంది కదా, తీగ గొడుగులా విచ్చుకుపోయింది. పూర్తిగా మడిచేసి ఉంటే కరెంటు ఆరిపోయి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చునేవాళ్లం. నిండుగా విప్పి ఉంటే ఈపాటికి సూర్యుడి చుట్టూ మా దారిన మేం తిరుగుతుండేవాళ్లం. సగం చాపే మమ్మల్ని గాలి మారేదాకా అక్కడ నిలబెట్టింది.

గాలి తగిలింది. పడవ ముందుకు ఉరికింది. నేను వెనకగోడకు అతుక్కుపోయాను, రాణిగారి కోటు నా మొహం మీదికి వచ్చింది. వెనకగదిలో హార్మోనియం ఎవరూ ముట్టకుండానే గుయ్యిమంది. కిరీటం గొట్టంలో ఇరుక్కుని మాటలు వినబడటం మానేశాయి. మంగతాయారు గోడలన్నీ ఒకేసారి మూలిగాయి. ఆ మూలుగు నాకు కొత్త. బాధ మూలుగు కాదు, చాలాకాలం తర్వాత ఒళ్లు విరుచుకున్నవాళ్ల మూలుగు.

దారిలో ఆపద నౌకను దాటేశాం. దాని కెప్టెను రేడియోలో అరిచాడు.

"చాప మడవమన్నాం కదండీ?"

"మడుస్తూనే ఉన్నామండి," అన్నాను. "సగమైంది." ఆయన ఇంకేదో అన్నాడు కానీ అప్పటికే వెనకబడిపోయాడు.

ఈ గాలి చాపను నెట్టడమే కాదు, నెట్టిన ప్రతిసారీ తీగలో కొత్త కరెంటు పుట్టిస్తోంది. బ్యాటరీ నిండిపోయింది. మిగిలింది హీటర్లకు వదిలాను. కాసేపటికి దాలమ్మ పిన్ని జోళ్లు విప్పి, కాళ్లు హీటరు ముందు చాపుకుని, "ఇప్పుడొచ్చిందమ్మా కోటి డిగ్రీలు," అని కళ్లు మూసుకుంది. చెంబుకు పది అణువుల చొప్పున తోకంతా పోగుచేసిన వేడి ఆవిడ అరికాళ్లకు చేరింది.

ఎదురుగా పెద్దాయన నెత్తిమీద ధ్రువపు వెలుగు కనబడింది. మామూలు వెలుగు వలయం పక్కన ఒక చుక్క కొత్తగా, దేదీప్యమానంగా వెలుగుతోంది. మమ్మల్ని నెట్టిన తెంపే అక్కడా ఆ దీపం వెలిగించింది. తేలికపాటి ఎలక్ట్రాన్లు రేఖల వెంబడి మాకంటే ముందే పరిగెత్తి అక్కడ పడ్డాయి. గవర్రాజు గారు కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు. ఆయన ఏమీ పాడకుండా అంతసేపు ఉండటం అదే మొదటిసారి.

"నూకరత్నం గారూ," అని జోగినాయుడు పిలిచాడు, నోటీసు చదివే గొంతుతోనే. "పెద్దాయన నెత్తిన దీపం చూసి మీరొస్తున్నారని ఊరంతా తెలిసిపోయిందండి. జనం నాటకానికి అప్పుడే చాపలు పరుచుక్కూర్చున్నారు. తొందరగా రమ్మంటున్నారు. రూలు ప్రకారం వేగం తగ్గించి రండి."

8. ముల్లు: రేవులో ముల్లుతో పనిలేదు

చేరాం. మంగతాయారును తాడుతో కట్టి, గోడ మీద ఓ దెబ్బ కొట్టి, నేనూ వెళ్లి జనంలో కూర్చున్నాను. టగ్గులో ముందే చేరిన సమాజంతో కలిసి ఆడుతూ, గవర్రాజు గారు ఆఖరి రంగంలో అదే పద్యం పాడారు. వెచ్చటి హాలు, వేణ్నీళ్లు తాగిన గొంతు. 'తోడ' దగ్గర రాగం తీస్తే పైకప్పు రేకులు వణికాయి. జనం వన్స్ మోర్ అన్నారు. నేను మాత్రం పద్యం వదిలేసి దాలమ్మ పిన్నినే చూస్తున్నాను. ఆవిడ పెదవి విరిచింది. ఎక్కడో ఆవగింజంత తప్పి ఉంటుంది.

అప్పుడు తట్టింది నాకు. ఇంత మంచి పాటకు పెదవి విరిచే మనిషి, చలిలో కోడిపుంజులా అరిచినదానికి వన్స్ మోర్ అంటుందా? అసలు వాయించేవాళ్లు ఆ మాట అననే అనరు. అది జనం అనే మాట.

నాటకం అయ్యాక ఇద్దరినీ పడవకు పిలిపించాను. ఆయన మొహానికి రంగు ఇంకా ఉంది.

"పిన్నీ, ఆ రోజు పద్యం ఎలా పాడారు?"

"గాడిద నయం," అంది ఆవిడ తడుముకోకుండా.

"మరి వన్స్ మోర్ ఎందుకన్నావు?"

ఆవిడ హార్మోనియం పెట్టె సర్దుకుంటూ నావైపు చూడలేదు. "నువ్వు మడిచేద్దాం అన్నావు. అనేటప్పుడు నీ మొహం చూశాను. అమ్మనొదిలేసి వెళ్తన్న పిల్ల మొహం. ఇంకాసేపాగితే తెగుద్దేమో అనిపించింది. నువ్వు ఆగమంటే ఆగవు, సరంగువి కదా. ఈయన పాడతంటే మాత్రం ఎవరైనా ఆగాలి."

"తెగకపోతే?"

"ఇంకోసారి పాడించేదాన్ని."

"అటువైపుకు విసిరేసి ఉంటే? మీ ఇద్దరి ప్రాణాలు పిన్నీ. నేను మీకోసమే కదా మడవమన్నది."

"తెలుసు," అంది.

గవర్రాజు గారు గొంతు సవరించుకున్నారు. "ఆవిడ ఎందుకన్నదో నాకూ తెలుసండి. తెలిసే పాడాను. పాతికేళ్లలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలండి, మరి పాడకుండా ఎలాగుంటాను."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. దానితోపాటు వచ్చిన కన్నీళ్లను ఆపడానికి పక్కనే రాణి కోటు లేదు, అప్పటికే పెట్టెలో పెట్టేశారు. అందుకని వాళ్ల ముందే ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను. ఇద్దరూ తలలు వంచుకుని బుద్ధిగా తిట్లు తిన్నారు. గోడమీద నా చెయ్యి ఆనించి ఉంది. గోడ వెచ్చగా ఉంది.

రేవు ఆఫీసు వారికి నివేదన. ఈ ప్రయాణంలో సరంగు ఆజ్ఞను కావాలని ధిక్కరించిన ప్రయాణికులు ఇద్దరు: గవర్రాజు, దాలమ్మ. నేరం ఇద్దరూ ఒప్పుకున్నారు. పడవ మీద శిక్ష వేసే అధికారం రూలు ప్రకారం సరంగుదే కాబట్టి వేశాను. మంగతాయారు తిరుగుతున్నంతకాలం వాళ్లిద్దరూ ఇంకే పడవా ఎక్కకూడదు.